గోడ లేని గోడకుర్చీ

"కరాటే మాస్టారు ఊరికే గోడకుర్చీ వేయించారు అమ్మమ్మా" అంటూ మనవరాలు గోడకి ఆనుకుని చేసి చూపించింది. నాకు నవ్వాగలేదు.

అరవైల చివర, బొబ్బిలిలో మా నాన్న కర్రసాము నేర్పేవాడు. మా వీధి చివర తాలింఖానాలో కుస్తీ వస్తాదు కొడుకు సూరి రోజూ వంద బస్కీలు తీసి, ఒళ్లంతా ఆవనూనె వాసనతో బడికొచ్చేవాడు. నాన్న నాకు కర్రైనా ఇవ్వలేదు. వాకిలి మధ్యలో మోకాళ్లు వంచి, చేతులు చాచి నిలబడమనేవాడు. అది ఏ తప్పుకి శిక్షో తెలియక, ఒకరోజు బెల్లం దొంగతనం నేనే ఒప్పేసుకున్నాను.

"బెల్లం సంగతి మీ యమ్మతో సెప్పుకో. నువ్వు మోకాళ్లు దించు" అన్నాడు నాన్న.

ఆ ఏడే పదమూడో ఎక్కం రాలేదని బళ్లో మాస్టారు క్లాసంతటిచేతా గోడకుర్చీ వేయించారు. ఒక్కొక్కరే జారిపోయారు. చివరికి సూరీ నేనూ మిగిలాం. లేచి కూర్చోవడం వాడికి తెలుసు, కదలకుండా ఉండటం తెలియదు. తొడలు వణికి కూలబడ్డాడు.

"నీవి కాళ్లా, రాటలా?" అన్నాడు రొప్పుతూ.

"ఇంక లెగవే" అన్నారు మాస్టారు.

"ఇంకాసేపు ఉంటానండీ" అన్నాను.

ఇంటికొచ్చి చెబితే నాన్న ఒకటే అడిగాడు. "గోడకి ఆనుకున్నావేటి?"

లేదన్నాను. తన కర్ర తెచ్చి నా చేతికిచ్చాడు.

మనవరాలి భుజాలు పట్టుకుని గోడకి రెండడుగుల దూరం జరిపాను.

"ఇప్పుడు కూర్చో" అన్నాను.