పెదపాడు బావగారి మెయిళ్ళు

ఏలూరులో నాది చేపల చెరువులకు మందులు అమ్మే కొట్టు. మొన్న కొత్త కంప్యూటర్ కొని, అందులో మెయిల్ ప్రోగ్రాం నేనే పెట్టుకుందామని కూర్చున్నాను. మెయిళ్ళు వచ్చే సర్వర్ ఒకటట, వెళ్ళేది ఇంకొకటట. రెండూ ఒకటే అయితే వీళ్ళ సొమ్మేం పోయిందో నాకర్థం కాదు. పాస్‌వర్డ్ తప్పని అది అంటుంది, కాదని నేనంటాను. చివరికి అదే ఒప్పుకుంది.

పాత మెయిళ్ళన్నీ బిలబిలమంటూ దిగసాగాయి. వాటి మధ్య మా అక్కగారి భర్త, పెదపాడు బావగారివి కనిపించాయి. ఆయన కిందటి వానాకాలంలో పోయారు.

మందుల కోసం తన చేపల చెరువు నీళ్ళ పరీక్ష రిపోర్టు మెయిల్ చేసి, ఆ వెంటనే ఫోన్ చేసేవారాయన. "మెయిల్ పెట్టానండి. మీకు అందిందో లేదో, నేనే చదువుతాను వినండి." మొత్తం చదివేవారు. అక్కడితో ఆగేవారా, అక్క ఏం కూర వండిందో, కొల్లేటి గాలి ఎటు తిరిగిందో చెప్పాకే ఫోన్ పెట్టేసేవారు.

అన్నీ ఫోన్లోనే చెప్తుంటే ఇంక మెయిలెందుకండీ అని ఒకసారి విసుక్కున్నాను.

"ఏ పనీ లేకుండా ఫోన్ చేస్తే మీరేమనుకుంటారోనండీ" అన్నారు.

ఆయన మెయిళ్ళన్నీ ఇప్పటికీ లావు అక్షరాల్లో, చదవనివిగానే ఉన్నాయి. తెరిచే అవసరం ఆయన ఎప్పుడు రానిచ్చారు కనక. అన్నిటికన్నా పైనున్నదాని మీద నొక్కబోయి ఆగాను. జేబులోంచి ఫోన్ తీసి, బల్ల మీద చేతికందేలా పెట్టుకున్నాను.