ఆ నెల నాకొచ్చిన చీటీ

బందరులో నెలకోసారి, రెండో శనివారం, మా స్త్రీల ఉపవాస కూడిక జరుగుతుంది. గుడివాడ నుంచి ఏడెనిమిది మందిమి పొద్దున్నే బస్సెక్కి వెళ్తాం. దివిసీమ వైపు నుంచి కూడా చాలామంది వస్తారు. అక్కడ ఒక పద్ధతి ఉంది. ఎవరి బాధ వాళ్లు చీటీ మీద రాసి, పేరు లేకుండా, ఒక గుడ్డ సంచిలో వేస్తారు. ఇంటికి వెళ్లేటప్పుడు తలా ఒక చీటీ తీసుకోవాలి. ఎవరిది వస్తే వాళ్ల కోసం నెలంతా ప్రార్థన చెయ్యాలి. రాసిందెవరో ఆరా తీయకూడదు. నేను బడిపంతులమ్మని. ఆరా తీయకుండా ఉండటం నా ఒంట్లో లేదు. అయినా ఆ ఒక్క విషయంలో నిజాయితీగానే ఉండేదాన్ని.

ఆ నెల నాకొచ్చిన చీటీలో రెండే వాక్యాలు. "నా భర్త వారానికి మూడు రోజులే నా దగ్గర ఉంటున్నారు. ఇంకొక్క రోజైనా ఉండేలా ప్రార్థించండి."

చదివి కళ్లనీళ్లు పెట్టుకున్నాను. నా బాధా దాదాపు అదే. మా ఆయన రొయ్యల మేత కంపెనీలో పని చేసేవారు. సోమవారం పొద్దున్న దివిసీమ చెరువుల మీదికి వెళ్తే మళ్లీ బుధవారం సాయంత్రానికి గుడివాడ చేరేవారు. అవనిగడ్డలో కంపెనీ గది ఉందనీ, తిండే సరిగ్గా దొరకదనీ అనేవారు. మాకు పిల్లల్లేరు. ఆయన లేని రోజుల్లో ఇల్లు ఇల్లులా ఉండేది కాదు.

అందుకని ఆ ఎవరో తెలియని మనిషి కోసం మనసుపెట్టి ప్రార్థించాను. తెల్లవారుజామున లేచి, నొప్పెట్టే మోకాళ్ల మీద వంగి, "నా సంగతి తర్వాత ప్రభువా, ముందు ఆమె సంగతి చూడు" అనేదాన్ని. అంత పెద్ద మనసు నాది! తల్చుకుంటే ఇప్పటికీ నా మీద నాకే ఒళ్లు మండుతుంది.

మూడో వారంలో ఆయన అన్నారు, "చెరువుల్లో వైట్‌స్పాట్ వచ్చింది. రొయ్యలు చచ్చిపోతున్నాయని రైతులు గోల పెడుతున్నారు. ఇకనుంచి గురువారం కూడా అక్కడే ఉండాలి." కాసేపు సణిగాను. మరి నాలుగు రోజులకి సరిపడా కూర ఎక్కడ దొరుకుతుందని, ఎప్పుడూ పెట్టేదానికన్నా పెద్ద సీసాలో ఆవకాయ పెట్టి ఇచ్చాను.

తర్వాతి కూడికలో సాక్ష్యాలు చెప్పే వేళ ఒకామె లేచి నిలబడింది. ముప్పై ఏళ్లుంటాయేమో. సన్నగా, భయంభయంగా ఉంది. "వందనాలండీ. మాది నాగాయలంక. టైలరింగ్ చేస్తానండీ. మా ఆయన వారానికి మూడు రోజులే ఉండేవోరు. చీటీ రాశాను. ఇప్పుడు నాలుగు రోజులు ఉంటన్నారండీ. నా కోసం ప్రార్థన చేసినావిడెవరో గానీ, దేవుడు ఆవిడ కాపురం చల్లగా చూడాలండీ."

అందరూ హల్లెలూయ అన్నారు. అందరికంటే గట్టిగా అన్నది నేనే.

ఆరా తీయకూడదు గానీ చెప్పకూడదని ఎవరూ అనలేదు కదా. ఉపవాసం విడిచి అందరూ భోజనాల డబ్బాలు విప్పుతుంటే వెళ్లి ఆమె పక్కన కూర్చున్నాను. "నీ చీటీ నాకే వచ్చిందమ్మా" అన్నాను. నా రెండు చేతులూ పట్టుకుని ఏడ్చేసింది. తర్వాత నా విస్తట్లో అన్నం వడ్డించి, సంచిలోంచి ఒక సీసా తీసింది. "ఇది తినండక్కా. మా అత్తగారు పెట్టిన పచ్చడి. మా ఆయన వాళ్లమ్మగారిది గుడివాడేనంట. మా పెళ్లి ఆవిడికి ఇష్టం లేదు, గడప తొక్కనియ్యరు. మిగతా రోజులు ఆయన ఆవిడ దగ్గరే ఉంటారు. అయినా చూడండి, కొడుకు కోసం పచ్చడి మాత్రం పంపుతారు. చదువుకున్నావిడ. రాత చూడండి ఎంత బాగుందో."

సీసా మీద అంటించిన కాగితంపై ఎర్ర సిరాతో రాసుంది: ఆవకాయ, ఉప్పు తక్కువ. ఆ రాత నాది. పిల్లల పేపర్లు దిద్దే పెన్నుతో, ఆయన బీపీ గుర్తు పెట్టుకుని రాశాను. మా అత్తగారు పోయి అప్పటికి ఆరేళ్లు.

ఆ పచ్చడితో నాలుగు ముద్దలు తిన్నాను. ఎలా తిన్నానో తెలియదు. ఆ పిల్ల ఏ పాపమూ ఎరగదని చూస్తూనే తెలుస్తోంది. ఆ క్షణంలోనే నిజం చెప్పి ఉండాల్సింది. నేను వేరే మాట అన్నాను.

"మాదీ గుడివాడే. మీ అత్తగారు నాకు బాగా తెలుసు. నేను మాట్లాడి ఒప్పిస్తాను. రేపు కాదు, పై ఆదివారం మధ్యాహ్నం రా. మీ ఆయనకి మాత్రం ముందు చెప్పకు." అత్తగారిదని చెప్పి మా ఇంటి అడ్రసు ఆమె చేతే రాయించాను. ఆమె నా చేతిని కళ్లకద్దుకుంది.

ఆ వారం నేను ఆదివారం కోసమే బతికాను. సోమవారం ఆయన బ్యాగు సర్దుతూ "పచ్చడి పెట్టనా?" అని అడిగాను. "పెట్టు" అన్నారు, తల దువ్వుకుంటూ. ముఖంలో ఒక్క గీత కదల్లేదు. పంతొమ్మిదేళ్లు ఈ ముఖాన్నేనా నేను చదివింది అనుకున్నాను. తలుపు దగ్గర ఏం జరుగుతుందో, ఆయన ఎలా కుప్పకూలతారో, రోజూ బళ్లో పాఠం చెబుతూనే ఊహించుకున్నాను. చెప్పకేం, సంతోషంగానే ఉండేది.

ఆదివారం ఒంటిగంటకి ఆమె వచ్చింది. పామర్రులో బస్సు మారి, చెమటలు కక్కుతూ, కొత్త చీర కట్టుకుని. చేతిలో ఇంకో చీర, ముసలావిడ కట్టుకోవడానికి వీలుగా మెత్తటి నేత చీర. "అక్కా, మీరు ముందే వచ్చేశారా! అత్తయ్యగారేరి?" అంది.

అప్పుడే ఆయన లోపలి గదిలోంచి వచ్చి నిలబడిపోయారు.

"అత్తయ్యగారు లేరు. పచ్చడి పెట్టేది నేనే. ఈయన పెళ్లాన్ని" అన్నాను. వారం రోజులు నేర్చుకున్న మాటలు. తడబడకుండా చెప్పాను.

ఆమె నా వైపు చూడలేదు. ఆయన వైపే చూసి, "మీరు చెప్పండి" అంది. ఆయన కుప్పకూలలేదు. "నువ్వెందుకొచ్చావిక్కడికి?" అని ఆమె మీదే కసిరి, చొక్కా తగిలించుకుని, మా ఇద్దరి మధ్య నుంచి బయటికి వెళ్లిపోయారు. ఆ పిల్ల గుమ్మంలోనే కూలబడింది.

తర్వాత ఆయనతో తెగతెంపులు చేసుకున్నాను. దానికి నాకు ఏ విచారమూ లేదు. ఇంకా 'ఆయన' అంటున్నానంటే అలవాటు, అంతే.

ఆ రోజు ఆమెని బస్టాండు దాకా దిగబెట్టాను. మంచినీళ్ల సీసా ఇస్తే తీసుకోలేదు. అవనిగడ్డ బస్సు వచ్చింది. మెట్టు మీద కాలుపెట్టి వెనక్కి తిరిగి అడిగింది. గొంతులో కోపం లేదు.

"ఆయన సరే. మీకు తెలుసు కదక్కా. బందర్లోనే నాకు చెప్పుండొచ్చు కదా?"

బస్సు కదిలేదాకా ఆమె నా జవాబు కోసం చూసింది.