ఏసోబన్నయ్య రెండో వరస

ఆదివారం ఆరాధనకు ముందు మా మందిరంలో ఎవరో ఒకరు యాంప్లిఫయర్ స్విచ్ వేస్తారు. అప్పటికి పాట మొదలుకాదు, మైకు ముందుకు ఎవరూ రారు. ఆ పెట్టెలోంచి మాత్రం సన్నగా ఒక హోరు బయలుదేరుతుంది, దాని వెనకే వేడెక్కిన దుమ్ము వాసన. నేను కళ్లు మూసుకుంటాను. ప్రార్థనలో ఉన్నానని చుట్టూ ఉన్నవాళ్లు అనుకుంటారు. ప్రార్థనే. కాకపోతే అందులోకి అందరికంటే ముందు ఏసోబన్నయ్య వస్తాడు.

తొంభైల చివర్లో పెళ్లయి జంషెడ్‌పూర్ వచ్చాను. సిద్ధగోరాలో రెండు గదుల అద్దె ఇల్లు. మా ఆయనకు షిఫ్టు డ్యూటీలు, ఇంట్లో ఉన్నంతసేపూ నిద్రే. వీధిలో అంతా హిందీ. నాకు వచ్చిన హిందీ కూరగాయలు కొనడానికి సరిపోయేది గాని మనసు చెప్పుకోవడానికి కాదు. పొద్దున్నే వాక్యం చదువుకుని, దేవుడితో మాట్లాడి, ఆ తర్వాత రోజంతా ఇంకెవరితోనూ నోరు విప్పని రోజులు ఎన్నో. సాయంత్రం అయ్యేసరికి పక్కింటి గోడలోంచి ముందు యాంప్లిఫయర్ హోరు, తర్వాత గిటార్ వినిపించేది. రంపం ఇనుమును కోస్తున్నట్టు దాని బొంగురు గొంతు. రోజూ ఒకటే ముక్క. వేగంగా ఎక్కి, అంతే వేగంగా దిగి, చివర ఎక్కడో ఆగిపోయేది. మెట్టు మీద పెట్టబోయిన కాలు గాల్లోనే ఉండిపోయినట్టు అనిపించేది నాకు.

గోడకవతల ఉన్నది ఏసోబన్నయ్య అనీ, శ్రీకాకుళం వైపు మనిషేననీ, పర్సుడీహ్‌లోని మా తెలుగు మందిరంలో ఆదివారాలు గిటార్ వాయించేది కూడా ఆయనేననీ మెల్లగా తెలిసింది. గమ్హరియాలో మోటార్లకు తీగ చుట్టే వర్క్‌షాపులో పని. పెళ్లి చేసుకోలేదు, తల్లితో ఉండేవాడు. ఒకరోజు ఆవిడకు చేపల పులుసు ఇవ్వడానికి వెళ్లి, ఉండబట్టలేక అడిగేశాను.

"ఆ పాట ఎప్పుడూ సగంలో ఎందుకు ఆపేస్తారన్నయ్యా?"

"సగం కాదమ్మా. నా ముక్క నేను పూర్తిగానే వాయిత్తన్నాను. ఇది రెండో వరస. మొదటిది తపన్‌ది."

వంటగదిలోంచి వాళ్లమ్మ అందుకుంది. "ఆ తపన్ ఎల్లిపోయి ఎన్నేళ్లయినాదో! ఈడింకా ఆడికి సోటొగ్గి వాయిత్తన్నాడు. పిచ్చోడమ్మా!"

ఎనభైల్లో వాళ్లు నలుగురు కుర్రాళ్లట. భుజాల దాకా జుట్టు. కలకత్తా నుంచి ఎవరో తెచ్చిన హెవీ మెటల్ క్యాసెట్లను ఒకరి దగ్గర్నుంచి ఒకరు కాపీ చేసుకుని, టేపు అరిగిపోయేదాకా విని, ఆ వాయింపు చెవితోనే పట్టారట. తర్వాత ఒక్కొక్కరే ఉద్యోగాలకు చెదిరిపోయారు. తపన్ బొంబాయి వెళ్లి, గిటార్ అమ్మేశానని కబురు పెట్టాడు. "నా జుట్టేమో మిషన్లో పడితే తల కూడా చుట్టేత్తాదని ఫోర్‌మన్ కత్తిరించేశాడు," అని నవ్వాడు అన్నయ్య.

ఆయన బయటికి తీసిన క్యాసెట్ అట్ట మీద పుర్రె బొమ్మ ఉంది. నేను 'ప్రభువా' అనుకుంటూ ఒకడుగు వెనక్కి వేశాను.

"బొమ్మ సూడకమ్మా. అది కుర్రోళ్లని బెదిరించడానికి. నువ్వు ఇను."

మొదట అంతా అరుపులే. తర్వాత పాడేవాడు ఆగాడు, రెండు గిటార్లు కలిసి బయలుదేరాయి. రెండూ ఒకే నడక, ఒకటి పైన, ఒకటి కింద. ఏ ఒక్కటీ రెండోదాన్ని దాటిపోవడం లేదు. రోజూ గోడలోంచి నేను విన్నది ఆ కిందిదే. పైది లేకపోతే అది దారి తప్పిన పాటలా ఉంటుంది. ఇన్నాళ్లూ గోడకవతల ఒక మనిషి పక్కన మనిషి లేకుండా వాయిస్తున్నాడని అప్పుడు అర్థమైంది. రోజంతా ఒక్కదాన్నే ఉండే నా వంటగది గుర్తొచ్చింది.

ఆ తర్వాత కొన్ని సాయంత్రాలు వాళ్ల వాకిలి తలుపు తీసిపెట్టి, వాళ్లమ్మ బఠానీలు ఒలుస్తుంటే, నేను పై వరసను గొంతుతో నేర్చుకున్నాను. మాటల్లేవు, ఉత్త 'ఆ... ఆ...' అని రాగమే. ఒకరోజు చివరిదాకా కలిసింది. అన్నయ్య తీగల మీద అరచేయి ఆనించాడు.

"ఏటిరా, ఆగిపోయావేటి?" అంది వాళ్లమ్మ.

"ఏటీ నేదే అమ్మా. నిండిపోనాది."

అదే చెవితో ఆయన మందిరంలోనూ వాయించేవాడు. మా తెలుగు సంఘాల్లో ఎంతమంది ఉన్నా అందరిదీ ఒకటే వరస. హార్మోనియం ఎటు వెళితే గొంతులన్నీ అటే. అందరం పైన పాడుతుంటే అన్నయ్య గిటార్ కింద నడిచేది. తప్పు వాయిస్తున్నాడనే అందరూ అనుకునేవారు. ఒక ఆదివారం ఆరాధన ముగిశాక, హార్మోనియం వాయించే సంఘ పెద్ద కృపావరం గారు అందరి ముందే అన్నారు.

"ఏటిరా ఏసోబూ! సంఘమంతా పెద్ద రోడ్డు మీద నడుత్తంటే, నీ గిటారు పక్క సందులో తిరుగుతాదేటి?"

"పక్కనే నడుత్తన్నాను పెద్దయ్యా. దూరం పోనేదు."

"ఆ పుర్రెల పాటలు ఇంటే ఇలాగే అవుద్ది!" అన్నారు ఇంకెవరో.

నేను లేచి, అది తప్పు కాదని, అది రెండో వరస అని చెప్పాను. కొత్త కోడలి మాట ఎవరు వింటారు? ఇకమీదట గిటార్ మందిరంలోకి తేవద్దని తేల్చేశారు. అన్నయ్య గిటార్‌ను గుడ్డలో చుట్టుకుని టెంపో ఎక్కాడు.

ఆ వారమంతా గోడ మాట్లాడలేదు. నా భయం గిటార్ గురించి కాదు. ఆయనతో కలిసి పాడే మనుషులు ఈ ఊళ్లో ఆ మందిరంలోనే మిగిలారు. ఇప్పుడు దాన్నీ వదిలేస్తే, దేవుడి మీద కూడా మనసు విరిగిపోతే? గోడకు ఆనుకుని మోకరించి, ఈ మనిషిని పోనివ్వకు తండ్రీ అని ప్రార్థించాను.

ఆదివారం హార్మోనియం పక్కన ఆయన చోటు ఖాళీగా ఉంది. మొదటి పాట అయింది. రెండో పాట నడుస్తుండగా ఆఖరి బెంచీ నుంచి ఒక మగ గొంతు వినిపించింది. మాకంటే కింద, మాతోపాటే. కృపావరం గారు తలెత్తి చూశారు. హార్మోనియం ఒక్క క్షణం తడబడింది. మళ్లీ సాగింది.

బయట చెప్పులు వేసుకుంటూ అన్నయ్య నాతో అన్నాడు. "గొంతు బయటెట్టి రమ్మని ఎవులూ అన్నేదు కదమ్మా!"

ఆ గిటార్ మళ్లీ మందిరం గడప తొక్కలేదు, ఆ గొంతు ఒక్క ఆదివారమూ మానలేదు. తల్లి పోయాక ఆయన విజయనగరంలో చెల్లెలి దగ్గరికి వెళ్లిపోయాడు. కొన్నాళ్లకు ప్రభువు పిలిచాడని కబురొచ్చింది. పక్కింట్లోకి ఎవరో వచ్చారు, టీవీ పెట్టుకునేవారు. ఒక సాయంత్రం అలవాటుగా పై వరస అందుకుని, కింద ఏమీ లేదని గుర్తొచ్చి ఆపేశాను. అప్పటినుంచి నేను పైన పాడడం మానేశాను. మందిరంలో కింద చోటు ఖాళీగా ఉంచలేకపోయాను.

మొన్న ఆదివారం ఆరాధన అయ్యాక, ఇప్పుడు మా మందిరంలో గిటార్ వాయించే కుర్రాడు మొహమాటపడుతూ దగ్గరికొచ్చాడు. పుర్రె బొమ్మ టీషర్టు పైన గుండీలు పెట్టకుండా చొక్కా వేసుకున్నాడు. ఇప్పుడు గిటార్‌నీ బొమ్మనీ ఎవరూ ఏమీ అనడం లేదు.

"ఆంటీ, బురా మత్ మాన్‌నా, ఏమీ అనుకోకండి. ఆప్ దూస్‌రా సుర్ గా రహీ థీ. ట్యూన్ తప్పిపోతున్నారు."

"తప్పు కాదు నాన్నా. ఇది రెండో వరస. మొదటిది నీది."

కుర్రాడు "ఏక్ బార్ ఫిర్? ఇంకోసారి పాడతారా?" అంటూ వెళ్లి స్విచ్ వేశాడు. పెట్టెలో హోరు మళ్లీ మొదలైంది. అతను పైన అందుకునేదాకా నేను కింద నా చోట్లో ఎదురుచూస్తూ నిలబడ్డాను.