విమానం దిగిన చేనులో మా మరిది

మా మరిది పోయాడని పెనుకొండ నుంచి వచ్చి బస్సు దిగినవాళ్లు చెప్పారు. నేను వెళ్లేసరికి వాడి ఇంటి ముందు జనం నిలబడి, అంత నిజాయితీపరుడు ఉండడని చెప్పుకుంటున్నారు. కస్టమ్స్ ఉద్యోగం చేసినన్నాళ్లూ ఒకరి చేతి కాఫీ తాగలేదట. నిజమే. నా చేతి మజ్జిగ కూడా తాగలేదు. నాకు చదువు రాదు. నేను చెబుతున్నాను, మనవరాలు రాస్తోంది. నా మాట కూడా నలుగురూ చదవాలి.

నేను కోడలిగా వచ్చినప్పుడు వాడు చిన్న పిల్లవాడు. నేను కట్టిచ్చిన సంగటి మూటతోనే హిందూపురంలో చదువుకున్నాడు. బెంగళూరులో ఉద్యోగం వచ్చాక, ఇంట్లో ఏ మూట కనిపించినా "ఎవురిచ్చినారు? ఎందుకిచ్చినారు?" అని అడగనిదే ముట్టుకునేవాడు కాదు.

డెబ్బైల్లో ఒక వానాకాలం మధ్యాహ్నం, ఎవరో షావుకారి సొంత విమానం సిలోన్ నుంచి వస్తూ మబ్బుల్లో దారి తప్పి, పెట్రోలు అయిపోయి, సోమందేపల్లి దగ్గర మా వేరుశనగ చేనులో దిగింది. బయటి దేశపు విమానం ముందుగా కస్టమ్స్ వాళ్లున్న చోటే దిగాలట. ఇంకెక్కడైనా దిగితే, వాళ్లు వచ్చి చూసేదాకా అందులోంచి గడ్డిపోచ కూడా బయటికి రాకూడదట. మాకేం తెలుసు?

నడిపేవాడు రెక్క కింద ఆకలితో కూర్చుని ఉంటే గిన్నెలో సంగటి, పప్పు పెట్టిచ్చాను. తిని, కడిగి, ఖాళీ గిన్నె తిరిగిచ్చాడు. మా వైపు అన్నం పెట్టిన ఇంటికి వట్టి గిన్నె పంపరు, నాలుగు గింజలైనా వేస్తారు. గిన్నె మళ్లీ వాడి చేతికే ఇచ్చి, వట్టిగా ఉందని లోపల చూపించాను. నవ్వి, విమానంలోంచి ఒక టీపొడి పొట్లం తెచ్చి అందులో వేశాడు.

సాయంత్రం మా మరిది జీపులో దిగాడు. అందరి ముందూ అడిగాడు.

"వదినా, దీంట్లోంచి ఏమన్నా బయటికొచ్చిందా?"

"టీపొడి. గిన్నెలో ఏసిచ్చినాడు."

"ఆయప్పే ఇచ్చినాడా, నువ్వడిగినావా?"

"వట్టి గిన్నె ఎవురన్నా తీసుకుంటారేమబ్బా?"

"అడిగినట్లే. పొట్లం తే. గిన్నె గూడా తే."

"విమానాన్నే దోచినాది పో ఆయమ్మ" అని వెనక ఎవరో నవ్వారు.

పొట్లం తూచి, కాగితం రాసి, నా వేలిముద్ర వేయించుకున్నాడు. మజ్జిగ ఇస్తే, "ఇది తేలేదాకా మీ ఇంట్లో నీళ్లు గూడా తాగకూడదు, వదినా" అన్నాడు.

మూడో రోజు పై అధికారులు వచ్చి, విమానం కాగితాల్లో రాసి ఉన్న కెమెరా లోపల లేదన్నారు. అందరూ నా వైపే చూశారు. మా మరిది తన కాగితం చదివి వినిపించాడు: ఆమె చేతికి వచ్చింది టీపొడి పొట్లం ఒక్కటే, అడగగానే ఇచ్చింది. మళ్లీ వెతికితే కెమెరా సీటు కిందే దొరికింది. ఆ కాగితం లేకపోతే నన్ను స్టేషన్‌కు తీసుకుపోయేవాళ్లు. ఆ మేలు కాదనను.

కానీ కాగితం ఆఫీసుకు పోయింది. ఊళ్లో మిగిలింది నా వేలిముద్ర. ధర్మవరంలో మా అమ్మాయిని వాళ్లత్త ఏళ్ల తరబడి, "మీయమ్మ విమానంలో ఏం ఎత్తుకునిందంట?" అని దెప్పిపొడిచింది. వాడు వచ్చినప్పుడల్లా అడిగాను.

"ఊరి నడుమ నిలబడి ఒక్క మాట చెప్పు, మా వదిన దొంగ కాదని."

"రాసినా కదా వదినా. నోటి మాట రేపటికి మారుతుంది."

"నీ రాత ఈడ ఎవురు చదివినారప్పా?"

చెప్పలేదు. చెప్పకుండానే పోయాడు. వాడి నిజాయితీని పొగిడేవాళ్లు నా సంగతి కూడా వినాలి. నేను దొంగను కాదు. ఇదిగో, నేనూ రాయించాను.

విమానం వెళ్లిన రోజు మాత్రం కళ్ల ముందు నుంచి పోదు. లారీలో పెట్రోలు తెచ్చారు, జనం రాళ్లు ఏరి బాట చేశారు. అది లేస్తుంటే అందరూ పైకే చూస్తున్నారు. మా మరిది చూడలేదు. ఆఫీసు ప్యాంటుతో మట్టిలో మోకాళ్లు ఆనించి, చక్రాలు పెకలించిన మొక్కలను ఒక్కొక్కటే నిలబెట్టి వేర్ల మీద మట్టి నొక్కుతున్నాడు. అవి బతకవని వాడికీ తెలుసు, రైతు బిడ్డే. ఒక సాలు అయిపోయి రెండో సాలు మొదలుపెట్టాడు. నేను చేతులు కట్టుకుని గట్టు మీద నిలబడే ఉన్నాను.