బుట్ట కింద కాకి

మా టైలరు బాబాయికి ఒకటే పిచ్చి. చచ్చిన పిట్ట కనపడితే చాలు, పశువుల ఆసుపత్రికి ఫోను కొట్టాల్సిందే. సొంత అత్తగారు పోయినప్పుడు కూడా అంత హడావిడి చెయ్యలేదంటే నమ్మండి!

ముందు పిన్ని బట్టల బుట్ట పట్టుకెళ్లి పిట్ట మీద బోర్లిస్తాడు. పక్కనే కుర్చీ వేసుకుని, మెడలో టేపుతో కాపలా. ఎవరొచ్చినా ఒకటే కేక: "దూరం! ముట్టుకోవద్దు! జబ్బుంటే అంటుకుంటుంది!"

మా బావకి ఒక చెయ్యి కొలిచాడో లేదో, కిటికీలోంచి పావురం కనపడింది. అంతే, పరుగు. ఆ చొక్కాకి ఇప్పటికీ ఒక చెయ్యి కొలత, ఒక చెయ్యి అంచనా.

ఫోనులో డాక్టరమ్మ ఆయన గొంతు గుర్తుపట్టేస్తుంది.

"చెప్పండి బాబాయిగారూ, ఈసారి ఎవరు?"

"పావురం తల్లీ. పాపం, చిన్న వయసే."

తీరా ఆవిడొచ్చి బుట్ట ఎత్తితే, ఆ పావురం లేచి, ఆవిడ నెత్తిన రెట్ట వేసి ఎగిరిపోయింది!

ఆమధ్య మా వీధిలో కాకులు టపటపా రాలాయి. అందరూ గుడ్లక్క మీద పడ్డారు. దొడ్లో కోళ్లు పెంచి గుడ్లమ్ముకుని బతుకుతుంది పాపం. "నీ కోళ్ల జబ్బే ఇది. వాటినైనా తీసెయ్, ఇల్లైనా ఖాళీ చెయ్" అన్నాడు ఇంటి ఓనరు. గుడ్లు కొనే నాథుడు లేడు. సరిగ్గా అప్పుడే మా బాబాయి ఆవిడ గోడ పక్కన కాకి మీద బుట్ట బోర్లించాడు.

"ఏం బాబాయ్, నా కొంప ముంచడానికేనా?"

"దూరం!" అన్నాడు, అంతే. గుడ్లక్క తిట్టిన తిట్లకి బతికున్న కాకులు కూడా పారిపోయాయి.

డాక్టరమ్మ కాకుల్ని పట్టుకెళ్లింది, కోళ్లనీ పరీక్ష చేసింది. వారం తిరక్కుండా వచ్చి వీధి మధ్యలో చెప్పింది: "ఏ జబ్బూ లేదు. ఎవరో ఎలుకలకి పెట్టిన మందు తిని పోయాయి."

ఎవరో ఏంటి, ఓనరే! తన గోడౌన్లో ఎలుకలకి మందు పెట్టింది ఆయనే. టక్కున లోపలికెళ్లి తలుపేసుకున్నాడు.

"ఈ బాబాయిగారు రోజూ ఫోను చేసి నా ప్రాణం తీశారు," అంది డాక్టరమ్మ. "త్వరగా తేల్చు తల్లీ, ఆ పిల్ల గుడ్లు అమ్ముడుపోవట్లేదు అని!"

గుడ్లక్క కళ్లు తుడుచుకుంది. "ముందే చెప్పొచ్చుగా బాబాయ్!"

"తేలకుండా ఏం చెప్పనమ్మాయ్? నిజంగా జబ్బే అయితే?"

మర్నాడు పొద్దున్నే గుడ్లక్క బుట్టెడు గుడ్లు తెచ్చి గుమ్మంలో పెట్టింది. పిన్ని మురిసిపోయి చెయ్యి పెట్టబోయింది. బాబాయి మిషను మీంచి ఒక్క దూకు దూకాడు.

"దూరం! ముట్టుకోవద్దు! అది కాకి మీద బోర్లించి, ఆ గోడ పక్కనే వదిలేసిన బుట్టే!"

కుర్చీ తెచ్చుకుని గుడ్ల పక్కన కాపలా కూర్చున్నాడు. ఫోను మాత్రం పిన్ని ముందే లాక్కుంది.