తుడిచేసిన కొలతలు

పోయినవి ముందు చెబుతాను. పొలాల పటాలు ఆరు వందల పన్నెండు. గట్ల ఫోటోలు రెండు వందల నలభై. పదకొండేళ్ల కొలతల పట్టీలు. ఒడిశాలో మా గిరిసోల చుట్టుపక్కల టేపు పట్టుకుని తిరిగి, ఇంటికొచ్చి లెక్కవేసి కంప్యూటర్లో ఎక్కించుకున్నవే ఇవన్నీ. నేను సర్వే చదువుకోలేదు. అన్నదమ్ములు పంచుకునేటప్పుడు ఎవరికెన్ని డెసిమళ్లో, అంటే ఎన్ని సెంట్లో, తేల్చి చెప్పడం నా అంతట నేనే నేర్చుకున్నాను.

వాటిలో ఒక పటం మా వీధి పిన్నిది. భర్త పోయాక మరిది ఏటా గట్టును కొంచెం కొంచెం తన వైపు జరుపుతున్నాడని ఆమె గోడు. ఎనిమిదేళ్ల కిందట, ఆయన బతికుండగా, అన్నదమ్ములిద్దరినీ నిలబెట్టి కొలిచి, వేలిముద్రలు వేయించిన కాగితం అది. ఆమె దగ్గరున్న నకలు తుఫానులో తడిసి ముద్దయింది. పెద్దమనుషుల ముందు చూపడానికి నా దగ్గర స్కాన్ చేసి ఉన్నది ఒక్కటే మిగిలింది.

అది ఆమెకు తీసి ఇవ్వాలంటే కంప్యూటర్ తెరుచుకోవడానికే పదకొండు నిమిషాలు పట్టేది. బరంపురంలో బాగుచేసేవాడు పారేయమన్నాడు. మా తోడల్లుడు మాత్రం విండోస్ బదులు, పాత కంప్యూటర్‌నూ చురుగ్గా నడిపే లినక్స్ వేసుకోమన్నాడు. అక్కడే కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెబుతాడు. అందులో చాలా రకాలున్నాయనీ, కొత్తవాళ్లకు మింట్ గానీ లుబుంటు గానీ నయమనీ చెప్పాడు.

నోటుబుక్కులో గళ్లు గీశాను. నా మెమరీ నాలుగు జీబీ. ఏది ఎంత తింటుంది, మెనూ పాతదానిలా ఉందా, తెలుగు ఒడియా అక్షరాలు రెండూ వస్తాయా, పాత ప్రింటర్ కదులుతుందా అని ఒక్కోదానికి పదికి మార్కులు వేశాను. మెమరీలో లుబుంటు గెలిచింది. మొత్తం మీద మింట్‌కు ముప్పై ఒకటి, దానికి ఇరవై ఎనిమిది. నాలుగు రోజులు మింట్‌ను పెన్‌డ్రైవ్ మీంచే నడిపి చూశాను. నా ఫైళ్లన్నీ కనిపించాయి. ప్రింటర్ కూడా పలికింది. లోపలికి ఎక్కించాకే పిన్ని పటం తీసిద్దామనుకున్నాను. అయిదో రోజు లోపలికి ఎక్కించబోతూ తోడల్లుడికి ఫోన్ చేశాను.

"ముందు డిస్కు తుడిసీ అన్నయ్యా," అన్నాడు.

"తుడిస్తే సామాను పోదు గదా?"

"సామానుకేటవుద్ది? సుబ్బరంగా ఉంటాది."

నేను సామాను అన్నది నా ఫైళ్లను. అతను అనుకున్నది లోపలి విడిభాగాలు. ఇల్లు తుడిస్తే బీరువా ఎక్కడికీ పోదు కదా అన్నంత ధీమాతో తుడిచే మీట నొక్కాను. తెర మీద ఎర్ర అక్షరాల్లో ఏదో రాసి ఉంది. అందులో అంకెలు మాత్రమే చూశాను. అయిదు వందల జీబీ, సరిపోయింది. మిగతా మాటలు చదవలేదు.

ఇప్పుడు కంప్యూటర్ నలభై సెకన్లలో తెరుచుకుంటోంది. తుడిచిన డిస్కును బరంపురంలో వెతికించి ముప్పై ఎనిమిది పటాలు రాబట్టుకున్నాను. పిన్నిది వాటిలో లేదు. చెదలు పట్టాయని అసలు కాగితాలను అంతకు ముందే నా చేతులతో తగలబెట్టాను.

ఆమెకు చెప్పడానికి మూడు రోజులు తప్పించుకు తిరిగాను. చివరికి ఆమే వచ్చింది. గుమ్మంలోనే నిలబడి నేను చెప్పింది వింది.

"నువ్వు సూడకుండా ఒక్క సున్నా కూడా ఎయ్యవు గదా బావూ," అంది. తిట్టినా బాగుండేది.

పెద్దమనుషుల ముందుకు వెళ్లాను. ఆమె వాటా ముప్పై ఒకటిన్నర డెసిమళ్లని నాకు గుర్తుందని చెప్పాను. మరిది నవ్వాడు.

"గుర్తుంటే సాలదు, కాగితం తియ్యి."

ఉన్న గట్టు ప్రకారమే కొలవమన్నారు. టేపు నేనే పట్టాను. రెండుసార్లు లెక్కవేశాను. ఇరవై ఎనిమిది వచ్చింది. దాని కింద ఆమె వేలిముద్ర వేయించిందీ నేనే.

మూడున్నర డెసిమళ్లు ఆమెకు నేనింకా బాకీ.