మా పట్టుకి జ్వరం

కరోనా అణిగిన మరుసటి ఏడాది సంగతి. అప్పుడు కర్ణాటకలో, శిడ్లఘట్ట తాలూకాలో ఒక చిన్న పశువుల ఆసుపత్రిలో డాక్టర్‌గా ఉన్నాను. ఆ ఊళ్ళలో ఇంటింటా ఆవులు, ఇంటింటా పట్టుపురుగులు. పురుగులకు వేరే శాఖ, వేరే అధికారులు ఉన్నారు. అయినా పురుగు ఆకు తినకపోతే ఫోన్ నాకే వచ్చేది. ఆ ఫోన్లంటే నాకు ఒళ్ళు మంట.

పట్టుపురుగు పెరిగేటప్పుడు నాలుగుసార్లు చర్మం వదులుతుంది. పుస్తకాల్లో మోల్టింగ్ అంటారు, రైతులు జ్వరం అంటారు. జ్వరంలో ఉన్న పురుగు తినదు, కదలదు, దాన్ని ఎవరూ ముట్టకూడదు. మరునాటికి దానంతటదే లేస్తుంది.

ఒక మధ్యాహ్నం ఆవుకు కాన్పు చేస్తుంటే ఫోన్ మోగింది. నాకు భుజం దాకా గ్లవ్ ఉంది. అటెండర్ ఫోన్ తెచ్చి చెవి దగ్గర పెట్టాడు. జంగమకోటె నుంచి మునిరత్నమ్మ అనే ఆవిడ.

“డాక్టరమ్మా, మా పట్టుకి జ్వరమొచ్చిండాది. తినలే, కదల్లే. ఏం చేసేది?”

“ముట్టొద్దు, ఏమీ పెట్టొద్దు. రేపటికి అదే లేస్తాది. ఇట్లాంటివాటికి నాకు ఫోన్ చేయొద్దమ్మా.”

రెండో రోజు ఆమె బస్సు దిగి వచ్చింది. చేతుల్లో తువ్వాలు చుట్టిన మూట ఉంది. దాన్ని నా బల్ల మీద పెట్టి విప్పింది. చచ్చిపోయిన పిల్లి.

“ఇదే పట్టు,” అంది.

ఎనిమిదేళ్ళుగా పురుగుల ఇంట్లోకి ఎలుకను రానివ్వని పిల్లికి ఆమె పెట్టుకున్న పేరు అది. పొట్ట కింద కుక్క కరిచిన గాయం ఉంది, లోపలంతా చీము. దీన్ని ఆబ్సెస్ అంటాం. కోసి, కడిగి, ఇంజెక్షన్ ఇస్తే బతికేది.

“మీరు ముట్టొద్దంటిరి. నేను ముట్టలే. నా పక్క చూసి అరుస్తానే ఉండె. నీళ్ళు గూడా పెట్టలే. పురుగు మాదిరే లేస్తాదేమో అనుకుంటి.”

అటెండర్ కల్పించుకున్నాడు. “పిల్లికని చెప్పల్ల కదమ్మా. ఎవరన్నా పిల్లికి పట్టు అని పేరు పెడతారా? పోనీలే, ఇంకోటి తెచ్చుకో. ఊరినిండా ఉండాయి.”

వాడి చెంప పగలగొట్టాలనిపించింది. నేను వినాలనుకున్న మాటే వాడు అన్నాడు, అందుకు. మునిరత్నమ్మ మూట కట్టుకుని వెళ్ళిపోయింది. నేను రిజిస్టర్‌లో ‘బ్రాట్ డెడ్’ అని రాశాను. అంటే చచ్చాక తెచ్చారని. అక్షరం తప్పు లేదు, కానీ రాసిన చెయ్యి చూసుకుంటే అసహ్యం వేసింది.

వారం తర్వాత ఆమె కోడలు దూడను తోలుకొచ్చింది. “మా అత్త వారంగా సరిగ్గా అన్నం తింటాలేదమ్మా. నా చేత్తో నేనే చంపుకొంటి అంటాండాది. పిల్లికి సూతకం పట్టినావా అని ఊరంతా నవ్వుతాండారు.”

నవ్వేవాళ్ళ మీద కోపం వచ్చింది. దానికి రెండింతలు నా మీద వచ్చింది. ఆ సాయంత్రమే జంగమకోటెకు వెళ్ళాను. మునిరత్నమ్మ అరుగు మీద మల్బరీ ఆకు తుంచుతోంది. పక్కింటివాళ్ళు నలుగురు కూర్చుని ఉన్నారు. వాళ్ళ ముందే చెప్పాను.

“అమ్మా, తప్పు నాది. ఎవరికి జ్వరమని నేను అడగలేదు. మా చదువులో మొదటి పాఠం అదే, హిస్టరీ తీసుకోవడం, అంటే వివరాలన్నీ అడగడం. నువ్వు చెప్పింది సరిగ్గానే చెప్పినావు. నీ మీద కోపం పెట్టుకోవద్దు, నా మీద పెట్టుకో.”

‘పోనీలే’ అంటుందని లోలోపల ఆశపడ్డాను. అనలేదు.

“పెట్టుకుంటా,” అంది. “అది నన్ను చూసి అరిచినప్పుడంతా మీ మాట తలుచుకొని మొగం తిప్పుకొంటి. సచ్చేదాకా పెట్టుకుంటా, డాక్టరమ్మా.”

తర్వాత కోడలి వైపు తిరిగి, “నాకు అన్నం పెట్టు,” అంది.

ఇప్పుడు బాగేపల్లి వైపు పని చేస్తున్నాను. ఫోన్ ఎత్తగానే నా మొదటి మాట “ఎవరికి?” నా గదిలో ‘ఇంకోటి తెచ్చుకో’ అనే మాట ఎవరినీ అననివ్వను. మునిరత్నమ్మ మాట నిలబెట్టుకుంది. చింతామణి సంతలో ఎదురైతే ఇప్పటికీ నాతో మాట్లాడదు.